ఆవిడ చూసుకుంటుందిలే

2020 అక్టోబరులో జపాన్‌లోని ఇజుమో నగరంలో ఒక ఇంట్లోకి వెళ్లిన జంతు సంక్షేమ కార్యకర్తలకు 164 కుక్కలు కనిపించాయి. ఇల్లు మొత్తం 30 చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే 320 చదరపు అడుగుల చిల్లర. కుక్కలు అరల్లో ఉన్నాయి, బల్లల కింద ఉన్నాయి, చోటు చాలక ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అన్నీ బక్కచిక్కినవే. చాలావాటికి ఒళ్లంతా పురుగులు. కొన్ని సరిగ్గా నడవలేకపోతున్నాయి. అదే ఇంట్లో, అవే గదుల్లో, ఒక కుటుంబం కూడా బతుకుతోంది.

వాసన గురించి, అరుపుల గురించి చుట్టుపక్కలవాళ్లు ఏడేళ్ల ముందే అధికారులకు మొరపెట్టుకున్నారు. ఇన్ని ఎలా అయ్యాయని అడిగితే ఆ కుటుంబం చెప్పిన కారణం చాలా మామూలుది: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడానికి డబ్బు లేదు, అవి పెరుగుతూ పోయాయి. అంతే. కుక్కల్ని కొట్టడం కోసమో, చంపడం కోసమో ఎవరూ తెచ్చుకోలేదు. ఈ సమస్యలో అన్నిటికంటే కష్టంగా అర్థమయ్యే సంగతి ఇదే. అంత నరకం ఆ ఇంట్లోకి జాలి అనే దారినే వచ్చి ఉంటుంది.

దీన్ని ఇంగ్లిష్‌లో యానిమల్ హోర్డింగ్ అంటున్నారు. జంతువులను సాకగలిగిన హద్దు దాటి పోగేయడం, దాటామని గ్రహించలేకపోవడం. ఒకప్పుడు అమెరికాలో ఇలాంటివాళ్లను సేకరణ పిచ్చి ఉన్నవాళ్లుగా చెప్పుకొని పక్కన పెట్టేవారు. గ్యారీ పాట్రనెక్ అనే పశువైద్యుడు, మసాచుసెట్స్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం కేంద్రంగా, 1990ల చివర్లో దీన్ని ప్రజారోగ్య సమస్యగా చూడటం మొదలుపెట్టాడు. పశువైద్యులు, మనస్తత్వ నిపుణులు, సోషల్ వర్కర్లు కలిసి ఒక పరిశోధన బృందంగా ఏర్పడి 2006 దాకా పనిచేశారు. వాళ్లు ఇచ్చిన నిర్వచనంలో అంకె లేదు. తిండి, శుభ్రత, చోటు, వైద్యం కనీసంగా కూడా ఇవ్వలేకపోవడం ఒకటి. జంతువుల ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, చివరికి తన ఒళ్లు, తన కుటుంబం కళ్లముందే పాడవుతున్నా ఏమీ చేయలేకపోవడం రెండోది. ఇంత జరుగుతున్నా అసలు సమస్యే లేదనుకుంటూ ఇంకా ఇంకా తెచ్చుకోవడం మూడోది.

అంకె పెట్టకపోవడం సరైన పని. నలభై కుక్కల్ని పెట్టుకుని ప్రతి దానికీ టీకా వేయించి, ఆపరేషన్ చేయించి, జబ్బు చేస్తే పక్కన పడుకోబెట్టి మందు తాగించే మనుషులు ఉన్నారు. ఆరు పిల్లుల్ని బాత్రూములో మూసిపెట్టి, అవి చచ్చిపోతున్నా తలుపు తీయలేని మనుషులూ ఉన్నారు. పొద్దున్నే స్కూటీ మీద అన్నం డబ్బా పెట్టుకుని వెళ్లి వీధికుక్కలకు పెట్టేవాళ్లను ఈ గాటన కట్టడం పెద్ద అన్యాయం. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఆ అన్యాయం ధారాళంగా జరుగుతోంది కాబట్టి ముందే చెబుతున్నాను.

1999లో పాట్రనెక్ 54 కేసులను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఒక్కో ఇంట్లో ఉన్న జంతువుల మధ్యస్థ సంఖ్య 39. నాలుగు ఇళ్లలో వందకు పైనే. ఆ మనుషుల్లో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లు. సగానికి దగ్గరగా అరవై దాటినవాళ్లు, సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవాళ్లు. 80 శాతం ఇళ్లలో చచ్చిపోయినవో, జబ్బుతో తీసుకుంటున్నవో దొరికాయి. దాదాపు 70 శాతం ఇళ్లలో మనుషులు తిరిగే గదుల్లోనే మలమూత్రాలు పేరుకుని ఉన్నాయి. నాలుగో వంతుకు పైగా మనుషుల సొంత పడకలు కూడా అలాగే ఉన్నాయి. అయినా పదిమందిలో ఆరుగురు ఇక్కడేదో తప్పు జరుగుతోందని ఒప్పుకోలేదు. స్పెయిన్‌లో 2014లో 24 కేసుల మీద వచ్చిన అధ్యయనంలోనూ చిత్రం పెద్దగా మారలేదు: 27 మంది మనుషులు, 1,218 కుక్కలు, పిల్లులు.

ఇన్ని ఎలా చేరతాయన్న ప్రశ్నకు సగం జవాబు జీవశాస్త్రంలో ఉంది. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రాగలదు. గర్భం మోసేది రెండు నెలల పైచిలుకు. ఈతకు సగటున నాలుగు పిల్లలు. తల్లి ఇంకా పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టవచ్చు. ఆపరేషన్ లేని ఒక జంటతో మొదలైన ఇంట్లో, కొన్ని చనిపోయినా, ఏడాది తిరిగేసరికి ఇరవై దాటడం లెక్క ప్రకారం సులువే. తలుపులు మూసిన ఇంట్లో తోబుట్టువులే జత కడతాయి, పుట్టుకతో వచ్చే లోపాలు పెరుగుతాయి. ఎవరైనా మొదటి రెండు పిల్లులప్పుడే ఆపరేషన్‌కు సాయపడి ఉంటే కథ అక్కడితో ఆగేది. నలభై అయ్యాక ఒంటరి పెద్దావిడ పెన్షన్ డబ్బుతో ఆ పని జరగదు.

మిగతా సగం జవాబు మనసులో ఉంది. వెళ్లినవాళ్లు ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తే ఇంట్లో మనిషి కూర్చుని కాఫీ ఎలా తాగగలదు?

ముందు ముక్కు సంగతి. మూత్రంలో ఉండే యూరియాను బాక్టీరియా విడగొట్టినప్పుడు అమ్మోనియా వస్తుంది. అమెరికాలో ఫ్యాక్టరీ కార్మికులకు ఎనిమిది గంటల పనికి సిఫార్సు చేసిన అమ్మోనియా పరిమితి గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు. ఇలాంటి ఇళ్లకు వెళ్లే అనుభవజ్ఞులైన బృందాలు ముందు గాలిని కొలిచి, మాస్కులు తగిలించుకుని గానీ గడప దాటవు. కానీ ఎడతెగకుండా వచ్చే వాసనకు మన ఘ్రాణేంద్రియం స్పందించడం మానేస్తుంది. గుంటూరు మిర్చి యార్డు పక్కన ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు ఆ ఘాటు తెలియనట్టే ఇదీను. కాబట్టి "నాకేం వాసన రావట్లేదు" అని ఆ ఇంటావిడ అన్నప్పుడు అబద్ధం చెప్పడం లేదు. అమ్మోనియా మాత్రం కళ్లను, గొంతును, ఊపిరితిత్తులను తినేస్తూనే ఉంటుంది.

మనసు సంగతి ఇంతకంటే లోతు. అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 వస్తువులను పారేయలేక పోగేసుకునే జబ్బును, ఓసీడీ కుటుంబానికి చెందినదే అయినా, విడి రుగ్మతగా గుర్తించింది. జంతువులను పోగేయడాన్ని అందులోని ఒక ప్రత్యేక రూపంగా ప్రస్తావించింది. ఇలాంటివాళ్లలో ఎక్కువమంది వస్తువులనూ పోగేస్తారనీ, వస్తువులు మాత్రమే పోగేసేవాళ్లతో పోలిస్తే వీళ్ల ఇళ్లలో అపరిశుభ్రత చాలా ఎక్కువనీ, తమ స్థితి తమకు తెలియకపోవడం ఇంకా ఎక్కువనీ ఆ గ్రంథం చెబుతుంది. నన్నడిగితే ఈ రెండింటినీ ఒకే గూటిలో పెట్టడం పూర్తిగా సరిపోదు. పాత పేపర్ల కట్ట మనిషిని తిరిగి చూడదు. కుక్క చూస్తుంది. తోక ఊపుతుంది, ఒళ్లో తల పెడుతుంది, నువ్వు రాకపోతే అన్నం మానేస్తుంది.

పాట్రనెక్, సోషల్ వర్కర్ జేన్ నాథన్సన్ కలిసి 2009లో రాసిన వ్యాసం ఈ చూపు దగ్గరే మొదలవుతుంది. పసితనంలో పెంచేవాళ్ల నుంచి భద్రత దొరకని పిల్లలు, ఎప్పుడు కొడతారో ఎప్పుడు వదిలేస్తారో తెలియని ఇళ్లలో పెరిగిన పిల్లలు, పెద్దయ్యాక మనుషుల్ని నమ్మలేరు. వాళ్లలో చాలామందికి చిన్నప్పుడు షరతులు లేకుండా ప్రేమించింది ఒక కుక్కో పిల్లో అయి ఉంటుంది. ఎన్నో ఏళ్ల తర్వాత భర్త పోయినప్పుడు, పిల్లలు దూరమైనప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు ఆ పాత ఊతం మళ్లీ బలంగా గుర్తుకొస్తుంది. గెయిల్ స్టెకెటీ, రాండీ ఫ్రాస్ట్ తదితరులు ఇలాంటివాళ్లతో మాట్లాడి, ఎక్కువ జంతువులున్నా బాగానే సాకుతున్నవాళ్లతో పోల్చి చూశారు. అస్తవ్యస్తమైన బాల్యం, తెగిపోయిన బంధాలు, జంతువులకు మనుషుల గుణాలను మరీ ఎక్కువగా ఆపాదించడం మొదటి గుంపులో ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక ముడి పడుతుంది. "నేను తప్ప వీటికి దిక్కు లేదు" అన్నది ఆ మనిషి ఉనికికే ఆధారం అయిపోయాక, "వీటిని నేను సరిగ్గా చూడటం లేదు" అని ఒప్పుకోవడమంటే తనను తాను కూల్చుకోవడమే. అందుకే కన్ను చూసినదాన్ని మనసు ఒప్పుకోదు. మూలన పడుకున్న పిల్లి మూడు రోజులుగా తినలేదు, అలసిపోయిందేమో అనుకుంటుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే "ఇక లాభం లేదు" అంటాడేమోనన్న భయంతో రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేస్తుంది. చనిపోయినదాన్ని కూడా కొందరు వదులుకోలేరు. షెల్టర్‌కు ఇస్తే చంపేస్తారన్న భయం కొందరిది. మరణాన్ని తప్పించాలన్న పట్టుదలే నెమ్మదిగా చావును ఇంట్లోకి తెచ్చి పెడుతుంది. వయసు మీదపడినవాళ్లలో దీనికి కుంగుబాటు, డిమెన్షియా కూడా తోడవచ్చు. వాటిని వేరుగా పరీక్షించి చూడాలి.

అందరూ ఒకే రకం కాదు. బాగానే సాకుతూ వచ్చి, ఒక జబ్బో ఒక చావో తగిలి చేతులెత్తేసినవాళ్లను పరిశోధకులు విడిగా చూస్తారు. వీళ్లు కొంచెం సిగ్గుపడుతూనే అయినా సాయం అందుకుంటారు. రక్షించడమే తన జీవితకార్యం అనుకునేవాళ్లు ఇంకో తీరు. వెతుక్కుంటూ వెళ్లి తెచ్చుకుంటారు, ఎవరికీ దత్తతకు ఇవ్వరు, అధికారులను శత్రువులుగా చూస్తారు. మూడో తీరు అరుదు, కానీ ప్రమాదకరం: జంతువుల బాధ పట్టని, చందాల కోసమో అధికారం కోసమో వాటిని వాడుకునేవాళ్లు. ఈ మూడో రకానికి పోలీసు, కోర్టే మందు. మొదటి రెండు రకాల మీద అదే మందు వాడటం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది.

ఆ గోడల మధ్య పెరిగిన జంతువులను బయటికి తెచ్చాక కూడా కథ అయిపోదు. అమెరికాలో ఫ్రాంక్ మెక్‌మిలన్ బృందం ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చిన 408 కుక్కల తీరును 2016లో మామూలు పెంపుడు కుక్కలతో పోల్చింది. వీటిలో భయం చాలా ఎక్కువ, ముట్టుకుంటే ఉలిక్కిపడతాయి, కొత్త యజమానిని ఒక్క నిమిషం వదలవు, ఒంటరిగా వదిలితే తల్లడిల్లుతాయి. కరిచే గుణం మాత్రం మామూలు కుక్కలకంటే తక్కువే. చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు కుదుటపడలేదు. అన్ని బాధలు పడినా ఎదురు తిరగడం నేర్చుకోని ప్రాణులవి.

ఇరుకులో రోగాలు గాలి కంటే వేగంగా పాకుతాయి. కుక్కపిల్లల్లో పార్వో, డిస్టెంపర్. పిల్లుల్లో కళ్లు పుసులు కట్టి ఊపిరాడనివ్వని జలుబు వైరస్‌లు. అన్నిటికీ గజ్జి, తామర, గోమార్లు. ఇందులో తామర, కొంకి పురుగులు, మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ అంటుకుంటాయి. టీకా వేయని కుక్కలున్న చోట రేబిస్ భయం ఉండనే ఉంది. ఆ ఇంట్లో చంటిపిల్లలో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే వాళ్ల సంగతి ఎవరూ అడగరు. కుక్కల్ని లెక్కపెట్టడానికి వచ్చినవాళ్లు, లోపలి గదిలో ముసలాయనకు మందులు అందుతున్నాయో లేదో కూడా చూసి తీరాలి.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక మనిషి మనసు గురించి. ఆ మనసుకు మనం సరుకు సరఫరా చేస్తున్న సంగతి కూడా చెప్పాలి.

మన ఊళ్లలో ఏ వార్డులో చూసినా జంతువులంటే ప్రాణం పెట్టే ఒక అమ్మో, ఒక టీచరుగారో ఉంటారు. ఆ సంగతి వీధికంతా తెలుసు. తెల్లారి గేటు తీస్తే అట్టపెట్టెలో నాలుగు పిల్లిపిల్లలు. ఎవరో బదిలీ మీద వెళ్తూ ల్యాబ్రడార్‌ను గేటుకు కట్టేసి పోతారు. ఇంకెవరో అర్ధరాత్రి ఫోన్ చేసి, కాలు విరిగిన కుక్క ఫలానా చోట ఉంది మేడమ్, మీరు రండి అంటారు. తాము మాత్రం ఆటోకు వంద రూపాయలు ఇవ్వరు. "ఆవిడ చూసుకుంటుందిలే" అనుకుని ఇంటికి పోయి నిద్రపోతారు. అందరి జాలినీ ఒక్క మనిషి నెత్తిన పెట్టి, పదేళ్ల తర్వాత అదే మనిషి ఇంటి ముందు ముక్కు మూసుకుని పోలీసులకు ఫోన్ చేస్తారు. ఆవిడ జబ్బు ఆవిడదే కావచ్చు. ఆ అట్టపెట్టెలు మాత్రం మనవి. కుక్కపిల్లను పుట్టినరోజు కానుకగా కొని, పెద్దదయ్యాక వదిలించుకునే అలవాటు, ఆడపిల్లి పుట్టిందని సంచిలో వేసి సందు చివర వదిలే అలవాటు ఉన్నంతకాలం ఎక్కడో ఒక ఇల్లు నిండుతూనే ఉంటుంది.

2025 ఫిబ్రవరిలో పుణెలోని హడప్సర్‌లో ఒక ఫ్లాట్‌లో 300కు పైగా పిల్లులున్నాయని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే, వాటిని తరలించమని అధికారులు ఆదేశించిన వార్త దేశమంతా వచ్చింది. పేపరు చదివి ఆ ఇంటివాళ్ల మనసు మీద తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ సంఖ్య మూడు వందలకు చేరాక అధికారుల చేతిలో మిగిలేది ఖాళీ చేయించడమే అన్నది ఆ వార్త చెబుతోంది. అన్ని పిల్లుల్ని ఒక్కసారిగా పెట్టుకునే చోటు ఏ నగరంలోనైనా దొరకడం కష్టమే.

మన చట్టంలో ఈ జబ్బుకు చోటు లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం తిండి, నీరు, నీడ చాలినంత ఇవ్వకపోవడం నేరం. మొదటిసారి శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. కొన్ని సందర్భాల్లో 29వ సెక్షన్ కింద జంతువును పెంచుకునే హక్కును కోర్టు తీసేయవచ్చు. డాక్టరుకు చూపించమన్న మాట ఇందులో ఎక్కడా రాదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2001లోనే తన చట్టంలో ఇలాంటి వ్యక్తిని నిర్వచించి, మానసిక పరీక్షకు, కౌన్సెలింగ్‌కు దారి వేసింది. జపాన్ పర్యావరణ శాఖ 2021 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు మనిషి, జంతువు, చుట్టుపక్కల సమాజం మూడింటినీ కలిపి చూడమంటాయి: పశు అధికారులు, సాంఘిక సంక్షేమ అధికారులు ఒకరి సమాచారం ఒకరికి ఇచ్చుకుని ముందే పసిగట్టమంటాయి. నాకు ఇది జరిమానా పెంచడం కంటే ఎంతో తెలివైన దారి అనిపిస్తుంది. ఎందుకంటే చికిత్స, తరచూ వెళ్లి చూసి రావడం లేకపోతే దాదాపు అందరూ మళ్లీ మొదలుపెడతారని ఈ పని చేసేవాళ్లు చెబుతారు. లారీ తెచ్చి రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేయిస్తే ఆ మనిషికి అది నలభై మంది బిడ్డల్ని ఒక్కసారి పోగొట్టుకోవడం. నెల తిరక్కముందే గేటు దగ్గర ఒక కూన కనిపిస్తుంది.

మరి ఏం చేయాలి? ప్రాణాపాయంలో ఉన్నవాటిని వెంటనే ఆస్పత్రికి చేర్చాలి, అందులో వెనకాడకూడదు. మిగతావాటికి ముందు మగ, ఆడ వేరు చేసి ఆపరేషన్లు చేయించాలి. కొత్తవి పుట్టకపోతేనే ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. తర్వాత ఆ మనిషి ఒప్పుకున్నంత మేర, కొన్ని కొన్నిగా, దత్తతకు పంపాలి. ఏది ఎవరింటికి వెళ్లిందో, ఎలా ఉందో ఫోటోలు చూపిస్తే తర్వాతి దాన్ని వదలడం తేలికవుతుంది. చివరికి రెండో మూడో ఆపరేషన్ అయిన జంతువులను ఆమె దగ్గరే ఉంచడం మంచిదని చాలామంది అనుభవం. ఇంకోవైపు మనిషికి కుంగుబాటు, డిమెన్షియా ఉన్నాయేమో చూపించి, వస్తువులు పోగేసే జబ్బుకు వాడే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని ఈమెకు తగ్గట్టు మార్చి ప్రయత్నించాలి. ఈ రుగ్మతకే ప్రత్యేకంగా రుజువైన చికిత్స ఇంకా తయారు కాలేదు. కాబట్టి ఓపికే ఇందులో పెద్ద భాగం.

పక్కింటివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. మొదటి మాట కంపు గురించి కాకుండా ఉండాలి. "పిన్నిగారూ, భోంచేశారా? ఆ మూలనున్న దాని కళ్లు పుసులు కట్టాయి, డాక్టరుకి చూపిద్దాం, నేనూ వస్తా" అంటే తలుపు కొంచెం తెరుచుకుంటుంది. "ఇంటినిండా ఇదేం గోల, కంప్లైంటు ఇస్తాం" అంటే ఏళ్ల తరబడి మూసుకుంటుంది. మనసు సంగతి ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలి మానస్ 14416కి తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడికి వెళ్లడమంటే పిచ్చి ముద్ర వేయించుకోవడమే అనుకునే భయం ఇంకా పోలేదు. మనసు డాక్టరు ఇంటికి రాగలిగితే, లేదా కనీసం పశువుల డాక్టరు పక్కన కూర్చుని మాట్లాడగలిగితే ఆ భయం సగం తగ్గుతుంది.

వీధికుక్కలకు ఆపరేషన్లు చేయించే బాధ్యత 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలదే. ఆ ఆపరేషన్లు చేసే కేంద్రాలు, ఒంటరిగా పది జంతువుల్ని సాకుతున్న మనిషి గురించి విన్నప్పుడు, ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా ఉచితంగా ఆపరేషన్లు చేసి ఇవ్వవచ్చు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఎవరు బయటికి రావడం మానేశారో అందరికంటే ముందు తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు వాటిలో ఏఎన్‌ఎంతో పాటు పశుసంవర్ధక సహాయకులనూ నియమించారు. వాళ్లిద్దరూ ఒకే రోజు, ఒకే ఇంటికి కలిసి వెళ్లి, ఒకరు కుక్కల్నీ ఒకరు మనిషినీ చూసి రావడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు.